గూఢచారి సినిమాల్లో పేరు లేని ఆడవాళ్ళు

కొద్ది నెలల క్రితం తిరుపతిలో రెండు రోజుల శిక్షణా తరగతులు పెట్టుకున్నాం. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం గురించి. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె, శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతాల నుంచి ముప్పై మందికి పైగా కార్యకర్తలు వచ్చారు. మొదటి రోజు సాయంత్రం భోజనాలకు ముందు ఎవరో హాల్లో టీవీ పెట్టారు. ఏదో ఛానల్లో కృష్ణ నటించిన పాత గూఢచారి సినిమా వస్తోంది. కొండ కింద విలన్ గుహ, గోడ నిండా ఎర్ర లైట్లు, మధ్యలో క్లబ్బు డాన్సు. మా కుర్రపిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. ఇంతలో మేడ మీది నుంచి ఒకామె దూకింది. సాంబారు గిన్నె తెచ్చి బల్ల మీద పెడుతున్న వంట పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి తెర వైపు చూసింది.

"ఆ దూకింది హీరోయిన్ గాదుమ్మే, డూపు. నేను గూడా అట్ల దూకినదాన్నే" అంది.

నవ్వులు ఆగిపోయాయి.

ఆ రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక ఆమె పక్కన కూర్చుని కథంతా విన్నాను. డెబ్బై దాటిన మనిషి. ఊరు పుత్తూరు దగ్గర. పదిహేడో పద్దెనిమిదో ఏట మద్రాసులో ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి కోడంబాకంలో గ్రూపు డాన్సుల్లో చేరింది. 1970ల మాట. ఒకరోజు షూటింగులో హీరోయిన్ దూకే షాటు ఉంది. సాధారణంగా అట్లాంటివి మగవాళ్ళే విగ్గు పెట్టుకుని, చీర కట్టుకుని చేసేవాళ్ళు. ఆ రోజు ఆ మనిషి రాలేదు. "నువ్వు సన్నంగా ఉండావు, దూకుతావా" అని అడిగారు. డాన్సు కూలి పైన నలభై రూపాయలు అన్నారు. దూకింది. కింద పరిచిన పరుపు జరిగి ఎడమచెయ్యి విరిగింది.

"మద్రాసు ఆస్పత్రి ఎందుకమ్మే, మీ ఊరి కట్టే మేలు గదా అని రైలెక్కించి పంపించేసినారు" అని నవ్వింది. పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పుత్తూరు మనిషిని ఆ కట్టు పేరు చెప్పి వదిలించుకున్నారు! ఆ నలభై రూపాయలు మాత్రం ఇచ్చారు. కాగితం లేదు, సంతకం లేదు, మళ్ళీ కబురూ లేదు.

ఆ సినిమా ఊళ్ళో డేరా హాలుకు వచ్చినప్పుడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళిందట. "నాకు చదువు రాదు. పేర్లు పడేటప్పుడు వాడు ఒక్కొక్కటే చదివి చెప్పినాడు. గుర్రాలు ఇచ్చినాయన పేరు గూడా ఉండాది. నా పేరు లేదు" అంది.

హక్కుల పత్రిక సంపాదకీయంలో గూఢచారి సినిమాల గొడవేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఆ రాత్రి నాకూ అనిపించింది. కానీ ఆలోచించేకొద్దీ, రహస్యాలు ఛేదించే హీరోల ఈ సినిమాల్లో అసలు రహస్యంగా మిగిలిపోయింది ఆడవాళ్ళ శ్రమేనని తోచింది. మద్రాసులోనే కాదు, ఈ సినిమాలు పుట్టిన లండన్‌లోనూ అంతే.

ఇయాన్ ఫ్లెమింగ్ నవలల ఆధారంగా మొదటి జేమ్స్‌బాండ్ సినిమా 'డాక్టర్ నో' 1962లో వచ్చింది. నిర్మాతలు ఆల్బర్ట్ బ్రాకలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్. అందులో సముద్రంలోంచి నడిచి వచ్చే ఉర్సులా ఆండ్రెస్ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. ఆ బొమ్మకు గొంతు మాత్రం ఆమెది కాదు. నిక్కీ వాన్‌డర్ జైల్ అనే మరో స్త్రీది. జర్మనీలో పుట్టిన యూదు అమ్మాయి, చిన్నతనంలో కుటుంబంతో ఇంగ్లండ్ చేరింది. 'గోల్డ్‌ఫింగర్' (1964)లో ఒంటినిండా బంగారు రంగు పూసుకుని చనిపోయే షర్లీ ఈటన్‌కూ, 'థండర్‌బాల్' (1965)లో క్లాడిన్ ఓజేకూ, ఇంకా ఎందరికో ఆమే మాట్లాడింది. తెర మీద ఎక్కడా ఆమె పేరు పడలేదు. ఒకరి శరీరం, ఇంకొకరి గొంతు కలిపి ఒక 'బాండ్ గర్ల్'ను తయారుచేశారు. శరీరానికి పోస్టరు దక్కింది. గొంతుకు అదీ లేదు.

కథ రాసిన చోటా చూద్దాం. 'డాక్టర్ నో' స్క్రీన్‌ప్లే రాసిన ముగ్గురిలో జోహన్నా హార్వుడ్ అనే ఐరిష్ స్త్రీ ఉంది. సాల్ట్‌జ్‌మన్ దగ్గర పనిచేస్తుండేది. 1963లో వచ్చిన రెండో సినిమా 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో కూడా ఆమె పేరుంది. ఆ తర్వాత మరో స్త్రీ పేరు ఆ సినిమాల రచయితల జాబితాలో పడింది ఎప్పుడో తెలుసా? 2021లో, 'నో టైమ్ టు డై'కి ఫీబీ వాలర్-బ్రిడ్జ్‌ది. మధ్యలో 58 ఏళ్ళు! తెర మీద ఆడవాళ్ళు ఏం మాట్లాడాలో, ఎప్పుడు చావాలో రాసినవారిగా అన్నేళ్ళూ మగవాళ్ళ పేర్లే పడ్డాయి.

ఈ మాట అంటే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. ఆ సంస్థను నడిపింది స్త్రీ కాదా అని. నిజమే. బ్రాకలీ కూతురు బార్బరా, తన సవతి అన్న మైకేల్ విల్సన్‌తో కలిసి 1995 'గోల్డెన్ ఐ' నుంచి 2021 దాకా 9 సినిమాలు నిర్మించింది. 2025 ఫిబ్రవరిలో ఆ పగ్గాలు అమెజాన్ సంస్థ చేతికి వెళ్ళాయి. 1992లో బ్రిటన్ అంతర్గత గూఢచార సంస్థకు స్టెల్లా రిమింగ్టన్ అధిపతి అయ్యాక, 1995లో తెర మీద కూడా బాండ్ పై అధికారిగా జూడీ డెంచ్ వచ్చింది. ఇవి చిన్న మార్పులు కావు. అయినా 1962 నుంచి 2021 దాకా ఆ సంస్థ తీసిన 25 సినిమాల్లో ఒక్కదానికీ స్త్రీ దర్శకురాలు లేదు. పైన ఒక స్త్రీ కూర్చున్నంత మాత్రాన కింద తలుపులు వాటంతటవే తెరుచుకోవు. మన పంచాయతీల్లో, మండలాల్లో, చివరికి మన సంఘాల్లో కూడా ఇది చూస్తూనే ఉన్నాం.

ఆ గాలి మనవైపు తిరగడానికి ఎంతో కాలం పట్టలేదు. 1966లో 'గూఢచారి 116' వచ్చింది. సుందర్‌లాల్ నహతా, డూండీ నిర్మాతలు. ఎం.మల్లికార్జునరావు దర్శకుడు. కృష్ణ, జయలలిత జంట. మరుసటి ఏడాది అదే కథ హిందీలో జితేంద్రతో 'ఫర్జ్'గా వెళ్ళింది. కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అని పేరొచ్చింది. తమిళంలో జైశంకర్, కన్నడంలో రాజ్‌కుమార్ అదే దారి పట్టారు. మూడు భాషల సరిహద్దున ఉన్న చిత్తూరు జిల్లా ప్రేక్షకులకు ముగ్గురు బాండ్‌లూ దొరికారు! ఆ తర్వాత 'జేమ్స్‌బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981), 'గూఢచారి 117' (1989) అన్నీ కృష్ణవే. చిరంజీవి 'గూఢచారి నెం.1' 1983లో వచ్చింది. అడివి శేష్ 'గూఢచారి' 2018లో. ఇవన్నీ ఒకే సంస్థ తీసినవి కాకపోయినా ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. పేరు, తుపాకి, అంకె వారసత్వంగా వస్తుంటాయి.

వాటితోపాటే ఆడవాళ్ళకు కేటాయించిన చోటూ వచ్చింది. హీరో ప్రేమించే అమ్మాయి ఒకతె. విలన్ కోసం పనిచేసి, మనసు మారి, హీరో చేతుల్లో ప్రాణం వదిలే అమ్మాయి ఇంకొకతె. క్లబ్బులో నాట్యం చేసే అమ్మాయి మరొకతె. మొదటి 'గూఢచారి' హీరోయిన్ 1991లో పక్క రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయింది. అంతటి తెలివీ పట్టుదలా ఉన్న స్త్రీకి కూడా ఆనాటి సినిమా ఇవ్వగలిగింది పాటలే. తుపాకి మన చేతికి ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో 1970లోనే విజయలలిత 'రౌడీరాణి'గా గుర్రమెక్కింది. ఆ సినిమాను జనం విరగబడి చూశారు. 1990లో 'కర్తవ్యం'లో పోలీసు అధికారిగా నటించిన విజయశాంతి జాతీయ ఉత్తమ నటి అయింది. ఆడవాళ్ళు పోరాడితే చూడరన్న మాట అబద్ధమని మన ప్రేక్షకులు ఎప్పుడో తేల్చేశారు.

తెర మీద ఇంత మారింది. తెర వెనుక?

మనకూ నిక్కీలు ఉన్నారు. విజయశాంతి వంటి హీరోయిన్లకు చాలా సినిమాల్లో సరిత గొంతిచ్చింది. చిన్నప్పుడు ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణి పెద్దయ్యాక వందల సినిమాలకు డబ్బింగ్ చెప్పింది. నంది అవార్డుల్లో డబ్బింగ్ చెప్పిన స్త్రీలకు విడిగా బహుమతి పెట్టారు. ఈ విషయంలో లండన్ కంటే మనం మెరుగే. కానీ పేరు రావడంతో సరిపోదని 2018లో తెలిసింది. 'ఏ మాయ చేసావే' (2010) నుంచి సమంతకు గొంతిచ్చిన చిన్మయి, 'మీటూ' సమయంలో తనపై జరిగిన లైంగిక వేధింపు గురించి బహిరంగంగా మాట్లాడింది. ఆ నవంబరులోనే తమిళనాడు డబ్బింగ్ యూనియన్ ఆమె సభ్యత్వం తీసేసింది. చందా కట్టలేదన్నది వాళ్ళు చూపిన కారణం. ఇన్నేళ్ళూ లేని చందా బాకీ ఆ నెలలోనే గుర్తుకు రావడం ఎవరికైనా ప్రశ్న పుట్టించేదే. గొంతే జీవనాధారమైన స్త్రీ ఆ గొంతు తన కోసం విప్పితే ఏమవుతుందో అందరూ చూశారు.

యూనియన్లు అంటే గుర్తొచ్చింది. సినిమా మేకప్ కళాకారుల సంఘం దశాబ్దాల పాటు ఆడవాళ్ళకు మేకప్ కళాకారులుగా కార్డు ఇవ్వలేదు. జుట్టు దువ్వే పనికి మాత్రమే ఒప్పుకున్నారు. ఆడవాళ్ళు మేకప్ వేస్తే మగవాళ్ళ కుటుంబాలు ఎలా బతుకుతాయన్నది వాదన! చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2014 నవంబరు 10న కోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చింది. ముఖానికి రంగు వేసే హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది చూడండి.

ఇక వేధింపుల సంగతి. కేరళలో 2017లో ఒక నటిపై జరిగిన దాడి తర్వాత అక్కడి సినిమా స్త్రీలు సంఘటితమై నిలదీస్తే జస్టిస్ హేమ కమిటీ ఏర్పడింది. 2019 డిసెంబరులో నివేదిక ఇస్తే, అది బయటికి రావడానికి 2024 ఆగస్టు 19 దాకా పట్టింది. అదీ కొన్ని భాగాలు తొలగించి. తెలుగులో 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఫిలిం ఛాంబర్ ముందు శ్రీరెడ్డి చేసిన నిరసనను చాలామంది వింతగా చూశారు, వెక్కిరించారు. ఆ పద్ధతి నచ్చినా నచ్చకపోయినా, ఆమె లేపిన ప్రశ్నను స్త్రీల సంఘాలు వదల్లేదు. 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. ఉపసంఘం నివేదిక 2022లో ప్రభుత్వానికి చేరింది. కేరళ నివేదిక వచ్చాక, 2024 ఆగస్టులో, మన నివేదిక కూడా బయటపెట్టండని సినిమా స్త్రీలు, సమంతతో సహా, అడగాల్సి వచ్చింది. గూఢచారి సినిమాల్లో రహస్య పత్రం కోసం ఖండాలు దాటి పోతారు. మనకు కావలసిన పత్రం సచివాలయం బీరువాలో ఉంటుంది.

ఇదంతా హైదరాబాదు, చెన్నైల గొడవ, తిరుపతిలో కూర్చున్న మనకేమిటి అనుకోవద్దు. తలకోనకు, హార్సిలీ కొండలకు, చంద్రగిరి కోటకు షూటింగులు వస్తూనే ఉంటాయి. వచ్చినప్పుడు జనంలో నిలబడటానికి, వంటకు, పాత్రలు తోమడానికి, ఊడవడానికి మన ఊళ్ళ ఆడవాళ్ళనే మధ్యవర్తి ద్వారా పిలుస్తారు. పేరు ఉండదు, పద్దు ఉండదు. ఏదైనా జరిగితే ఎవరిని అడగాలో తెలియదు. నాలుగో రోజుకు వాళ్ళు సర్దుకుని వెళ్ళిపోతారు.

కాబట్టి మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా యజమాని అంతర్గత కమిటీ వేయాలి. సినిమా యూనిట్ అందుకు మినహాయింపు కాదు. పదిమంది లోపు ఉన్నచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడు, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. 2022లో జిల్లాలు విడిపోయాయి గనుక తిరుపతికి వేరు, చిత్తూరుకు వేరు ఉండాలి. రోజుకూలికి వచ్చిన మనిషైనా ఫిర్యాదు చెయ్యవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయలేని వారికి రాయడంలో సాయం చెయ్యాల్సిన బాధ్యత కూడా కమిటీదే. శిక్షణకు వచ్చిన ముప్పై మందిలో తమ జిల్లా స్థానిక కమిటీలో ఎవరున్నారో చెప్పగలిగినవారు ముగ్గురే. మొదట చెయ్యవలసిన పని కలెక్టరు ఆఫీసుకు వెళ్ళి ఆ జాబితా అడగడం. అది ప్రతి మండలంలోనూ గోడమీద ఉండాలి.

రెండోది, కాగితం. రాతపూర్వక ఒప్పందం లేకుండా సినిమా కార్మికులను పనిలో పెట్టుకోకూడదని 1981లోనే కేంద్ర చట్టం వచ్చింది. మా పెద్దమ్మ దూకేనాటికి అది లేదు. ఆ నియమం ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో చేరింది. కోడ్‌ల మీద కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు మనకూ ఉన్నాయి. అవి వేరే చర్చ. కానీ కాగితం అడిగే హక్కు వదులుకోకూడదు. మన ఊరికి షూటింగు వచ్చిందంటే హీరోని చూడటానికి పరుగెత్తే ముందు, కూలికి వెళ్ళే మన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడ రాశారని ఒక్కరైనా అడగాలి.

ఈ సంపాదకీయం ఇక్కడితో ఆపితే నాకే సిగ్గనిపిస్తుంది. ఎందుకంటే, శిక్షణ అయిపోయాక మేం తయారుచేసిన నివేదికను మళ్ళీ తీసి చూశాను. ప్రారంభించిన అధికారి పేరుంది. పాఠం చెప్పిన లాయరు గారి పేరుంది. హాలు ఇచ్చినవారికి కృతజ్ఞతలున్నాయి. రెండు రోజులు తెల్లవారుజామున నాలుగింటికి లేచి మాకు వండి పెట్టిన ముగ్గురు ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. "భోజన ఏర్పాట్లు బాగున్నాయి" అని ఒక వాక్యం మాత్రం ఉంది. గుర్రాలు ఇచ్చినాయన పేరు వేసి ఆమె పేరు వదిలేసిన ఆ సినిమా వాళ్ళకూ మనకూ తేడా ఏముంది?

ఆ నివేదిక మళ్ళీ రాశాం. ఇకముందు మన సభలకు వండేవాళ్ళు, ఈ పత్రికను డి.టి.పి. చేసేవాళ్ళు, కవర్లు అంటించి పోస్టు చేసేవాళ్ళు, అందరి పేర్లూ వాళ్ళ అనుమతితో చివరి పేజీలో వేయాలని నిర్ణయించుకున్నాం. వంటవాళ్ళకు కూలి ఎంతో ముందే కాగితం మీద రాసి ఇవ్వాలని కూడా.

అనుమతి అని ఎందుకన్నానంటే, పుత్తూరు పెద్దమ్మను అడగడానికి వెళ్ళాను. ఆమె కథ పేరుతో సహా వేస్తామని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"వద్దుమ్మా. నేను సినిమాల్లో చేసినానని మా కోడలికి తెలీదు. మనవరాలికి సంబంధాలు చూస్తా ఉండారు. వంట చేసినానని ఏసుకో. దూకినానని ఏసుకోవద్దు" అంది.

బస్సులో తిరిగి వస్తూ అదే ఆలోచించాను. చెయ్యి విరిగినప్పుడు ఆమెకు దక్కనిది ఒక్క పేరే కాదు. చేసిన పని ధైర్యమైన పని అని తన ఇంట్లో తాను చెప్పుకునే వీలు కూడా దక్కలేదు. సినిమాల్లో పనిచేసిన ఆడమనిషి అంటే లోకం వేసే ముద్ర యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆమె నోరు మూయిస్తోంది. కాగితాలు, కమిటీలు సాధించుకోవడంతోపాటు ఆ ముద్రనూ చెరపాలి. అది మన ఇళ్ళలోంచే మొదలుకావాలి.

అందుకే చివరి పేజీలో వంట చేసిన ముగ్గురిలో ఒకరిగా ఆమె పేరు ఉంటుంది. ఈ కథ దగ్గర ఉండదు. ఆ సినిమా వాళ్ళు ఆమెను అడగకుండానే పేరు వదిలేశారు. మేం అడిగి, ఆమె వద్దన్నాక వదిలేశాం.